నాలుగు నెలల ఉప్పు

సిరోంచ తాలూకాకు మూడు దిక్కులా నదులే. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఉత్తరాన అహేరి, ఆలాపల్లి దాకా టేకు అడవి. వార్ధా, వైనగంగ నదులు చప్రాల దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. అది మా సిరోంచ ఒడ్డు ఒరుసుకుంటూ వచ్చి కాళేశ్వరం ఎదుట గోదావరిలో కలుస్తుంది. ఇంకొంత కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. నా చిన్నతనంలో, అంటే 1960లలో, మా వైపు ఈ నదుల మీద ఒక్క వంతెన లేదు. మృగశిర కార్తెతో మొదలైన వాన ముదిరి వాగులు పొంగాయంటే, దసరా దాకా మా ఊరికి బండి రాదు, బస్సు రాదు, సరుకు రాదు. వరద తగ్గిన రోజు చూసుకుని, ధైర్యమున్న పడవవాళ్లు అవతలి ఒడ్డుకు వేసేవాళ్లు. అదొక్కటే దారి.

ఈ మూలకు దారి వేయాలని చూసినవాళ్లు లేకపోలేదు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరోంచే దానికి ముఖ్యపట్టణం. నదిమీదుగా పడవలు నడిపి, పత్తిని సముద్రం దాకా చేర్చాలని దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, ప్రాణహిత మీద దేవల్‌మర్రి దగ్గర రాతి అడ్డంకులను దాటించే పనులు తలపెట్టారు. 1871లో ఆ పనులు ఆపేశారు. 1874లో జిల్లానే ఎత్తేసి మమ్మల్ని చాందా జిల్లాలో కలిపారు. 1956లో బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాం, 1960 మే 1న మహారాష్ట్రలోకి, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లాలోకి వచ్చాం. పాలించే ఊరు నాగపూరైనా బొంబాయైనా, వానాకాలం నాలుగు నెలలు మా ఇంట్లో ఉన్నదే మాకు దిక్కు.

డబ్బు గురించి, ఉన్నదానితో బతకడం గురించి నాకు తెలిసిందంతా ఆ నాలుగు నెలల దగ్గర నేర్చుకున్నదే. ఆ జీవితం ఇప్పుడు లేదు. దాని లేమిని పొగడాలని నాకు లేదు. కానీ ఆ జీవితంలో ప్రతి ఇంటికీ ఒక కొలత ఉండేది. ఆ కొలత పోవడమే ఇవాళ్టి మన అశాంతికి మూలమని నా నమ్మకం.

మాకు రూపాయలు కళ్లపడేది ఎండాకాలంలో. మే నెలలో తునికాకు కోత. తెల్లవారకముందే ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు అడవిలోకి పోయేవాళ్లం. ఎండ ముదరకముందే మూటలతో తిరిగొచ్చి, చెట్టు నీడన కూర్చుని ఆకు ఆకు సవరించి కట్టలు కట్టేవాళ్లం. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు, నది అవతల 50. సాయంత్రం కల్లానికి తీసుకుపోయి అప్పజెప్పేవాళ్లం. అంతకుముందే ఇప్పపువ్వు ఏరడం అయిపోయి ఉండేది. పువ్వు మాత్రం చాలామటుకు ఎండబెట్టి ఇంట్లోనే దాచుకునేవాళ్లం. ఏడాదిలో ఇంటికి చేరే నగదులో పెద్ద భాగం తునికాకుదే. ఆ రూపాయలు చేతికి రాకముందే ఏ రూపాయి ఏ పనికో మా ఇంట్లో తేలిపోయి ఉండేది.

తేల్చేది మా అమ్మ. మేము ఆమెను అవ్వ అని పిలిచేవాళ్లం, నాన్నను బాపు అనేవాళ్లం. బడిలో మేం ఎక్కాలు మరాఠీలో బట్టీపట్టేవాళ్లం. బడి మొహం చూడని అవ్వ ఇంటి లెక్కంతా తెలుగులో, నోటితోనే చేసేది. ముందు ఉప్పు. రోజుకు ఎంత పడుతుందో ఆమె గుప్పిటకు తెలుసు. దాన్ని నెలకు, నాలుగు నెలలకు పెంచి, దొడ్డుప్పు అంతే తెప్పించేది. చెమ్మ తగలకుండా కుండలో పోసి పొయ్యి పక్కన పెట్టేది. తర్వాత గాసునూనె, అగ్గిపెట్టెలు, బెల్లం. చింతపండు ఇంటి చెట్టుది, గింజ తీసి ఉప్పు కలిపి కుండలో అదిమేది. మిరపకాయలు నది మెరకల్లో పండినవి. ఎండు చేపలు బెస్తవాళ్ల దగ్గర వడ్లకు మారుపెట్టుకున్నవి. కట్టెలు, పిడకలు వాన పడకముందే అటుక మీదికీ వసారాలోకీ చేరేవి. చివర, ఏమైనా మిగిలితే, ఒక్కొక్కరికి ఒక జత గుడ్డ.

ఆ లెక్కలో మా ఇంటివాళ్ల కడుపులు మాత్రమే ఉండేవి కావు. వానల్లో చిక్కుపడి ఆగిపోయే చుట్టం కోసం ఒక పాలు, గడపలోకి వచ్చే బిచ్చం కోసం ఒక పాలు, పోచమ్మ బోనానికి, పొలాల అమావాస్య నాడు ఎడ్ల నైవేద్యానికి, బతుకమ్మ పండుగకు ఒక పాలు విడిగా తీసేది. ఒకసారి నేను ఎక్కువ బెల్లం కావాలని గొడవ చేస్తే అవ్వ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "తింటే తప్పు లేదు బిడ్డా. కానీ నది మీదికి వచ్చినంక మళ్ల తెచ్చుకునుడు ఉండది. ఎవరన్న వస్తే ఏం పెడతవో గది ముందుగాల చెప్పు." ఇంటికి ఎంత కావాలన్న ప్రశ్నలోనే పక్కవాళ్లకు ఎంత కావాలన్న ప్రశ్న కలిసి ఉండేది. ఆ రెండింటినీ విడదీసి ఆలోచించడం నేను పట్నంలో ఉద్యోగానికి పోయాకే చూశాను.

కోతల తర్వాత కల్లంలో రాశి పోసేవాళ్లు. కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పాడినట్టు లెక్క సాగేది. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. దశాంశ పద్ధతి చట్టం 1956లోనే వచ్చినా మా కల్లాల్లోకి కిలో రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కొలిచిన ధాన్యం పంచడంలో ఒక వరస ఉండేది, దాన్ని బాపు ఎన్నడూ తప్పలేదు. ముందు విత్తనం. విత్తనపు గుల్లకు మూత పెట్టి పేడతో మెత్తేశాక, ఇంట్లో ఎంత కరువొచ్చినా దాన్ని తాకకూడదు. తర్వాత మేర. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు కాల్చిన కమ్మరికి, గుడ్డలుతికిన చాకలికి, గడ్డం గీసిన మంగలికి, కుండలిచ్చిన కుమ్మరికి, నది దాటించిన పడవవాళ్లకు. ఆ తర్వాత ఉద్దెర తీర్చే పాలు. ఆ తర్వాతే ఇంటి గరిశె. గరిశె నిండాక మిగిలితే అది అంగడికి.

ఇప్పటి సంసారాల్లో వరస తలకిందులైంది. చేతికొచ్చిన జీతంలో ముందు కంతులు పోతాయి, తర్వాత కోరికలు, చివర మిగిలితే దాచుకోవడం. మా కల్లంలో రేపటి పంట ముందు, ఇతరుల కష్టం తర్వాత, మన కడుపు ఆ తర్వాత. ఇలా చేయమని బాపుకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు. విత్తనం తిన్న రైతుకు వచ్చే ఏడు పొలం లేనట్టే. మేర ఇవ్వని రైతుకు తొలకరికి కర్రు ఉండదు. అనుభవమే ఆ వరసను పెట్టింది.

గరిశె వెదురుతో అల్లినది, లోపలా బయటా పేడ, మట్టి కలిపి అలికినది. దాని గొప్పతనం ఏమిటంటే, ఇంటి ఆస్తి ఎంతో ఇంట్లో ప్రతివాళ్లకూ కంటికి కనబడేది. పిల్లలం కూడా తొంగిచూసి ఎంత ఉందో చెప్పేవాళ్లం. పుష్య మాసంలో నిండుగా ఉన్నది ఆషాఢానికి సగం కిందికి దిగేది. అప్పుడు అవ్వ గట్కలో జొన్నల పాలు పెంచి అన్నం పాలు తగ్గించేది, ఆకుకూరలు, అడవి దుంపలు కలిపేది. ఎవరూ అలగలేదు, ఎందుకంటే కారణం అందరికీ కనబడుతూనే ఉంది. "గరిశె అడుగు కనవడక ముందే చెయ్యి కట్టుకోవాలె, కనవడ్డంక కట్టుకునుడు ఏం ఉంటది" అనేది ఆమె. ఇవాళ ఒక ఇంట్లో ఎంత ఉందో, ఎంత బాకీ ఉందో సంపాదించే ఒక్కరికి తప్ప తెలియదు. భార్యకు తెలియని అప్పులు, పిల్లలకు తెలియని ఇబ్బందులు. కనబడని ఆస్తి మీద పిల్లలు హద్దు లేని కోరికలు కోరితే వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు.

అడవితోనూ మాది ఇదే పద్ధతి. మా వైపు నిస్తార్ హక్కులుండేవి. ఇంటికి కావలసిన వెదురు, కట్టె, నాగలికి, గుడిసెకు కలప తెచ్చుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం కాదు. ఏ ఊరికి ఏ అడవిలో ఏ హక్కు ఉందో నిస్తార్ పత్రకాల్లో రాసి ఉండేది. అడవి శాఖ మనుషులతో తగవులు, మామూళ్లు, బెదిరింపులు లేకపోలేదు. అయినా ఆ పత్రకం వెనక ఉన్న ఆలోచన పెద్దది. మనిషి అవసరానికి హద్దు ఉంటుందని, ఆ హద్దు లోపల అడిగేది హక్కు అని అది ఒప్పుకుంది. ఇదే జిల్లాలో ధానోరా తాలూకా మేండా లేఖా ఊరు ఆ పాత హక్కుల జ్ఞాపకాన్ని వదలకుండా పోరాడి, 2006 అడవి హక్కుల చట్టం కింద 2009లో తన అడవి మీద సామూహిక హక్కు సాధించుకుంది. ఊరంతా కూర్చుని, ఎంత నరకాలో తామే నిర్ణయించుకుని వెదురు అమ్మే స్థాయికి వచ్చింది.

ఇంట్లో వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రెండు కంచు పళ్లాలు, ఒక ఇత్తడి గంగాళం, రాగి చెంబులు, మట్టి కుండలు, మేదరివాళ్లు అల్లిన చాటలు, గంపలు, ఒక నులక మంచం, గొంగళ్లు, బాపు కాడి, నాగలి, ఎడ్లు. నాయనమ్మ వెండి కడియాలు అవ్వ కాళ్లకు, అవ్వవి మా అక్క కాళ్లకు వచ్చాయి. ప్రతి వస్తువుకూ చేసిన మనిషి పేరు తెలుసు. చాట చిరిగితే అల్లినవాళ్ల దగ్గరికే పోయేది, కర్రు అరిగితే అదే కొలిమికి. పారేయడం అన్న పనే దాదాపు లేదు. అవతలి ఒడ్డున మహదేవపూర్ దసలి పట్టుకు పేరు. మద్ది చెట్ల మీద పెరిగిన గూళ్ల దారంతో నేసిన ఆ పట్టు పంచె మా బాపుకు ఒక్కటి ఉండేది. పెళ్లిళ్లకు, కాళేశ్వరంలో శివరాత్రికి అదే. ఆ ఒక్క పంచె కట్టుకున్న రోజు ఆయన ముఖంలో కనిపించిన సంబరం, బీరువా నిండా బట్టలున్న నాకు ఏ పండుగకూ రాలేదు.

ఇంతవరకు చదివి అది బంగారు కాలం అనుకోవద్దు. గరిశె అందరికీ లేదు. భూమి లేనివాళ్లకు ఆషాఢ శ్రావణాలు ఆకలి నెలలు. వాళ్లు ఆసాముల దగ్గర ధాన్యం నాగుకు తెచ్చుకునేవాళ్లు. కుంచం తెస్తే పంటకు ఒకటిన్నర కుంచం ఇవ్వాలి. తీర్చలేనివాళ్ల పిల్లలు జీతానికి ఉండి పశువులు కాసేవాళ్లు. కులం కొద్దీ మేర, కులం కొద్దీ మర్యాద. గోండు, మాడియా పల్లెల్లో పండిందీ ఏరిందీ కారుచౌకగా వ్యాపారుల పాలయ్యేది. వానాకాలంలో కాన్పు కష్టమైతే, పాము కరిస్తే, నది ఒడ్డున కూర్చుని ఏడవడమే. గడ్చిరోలి పోవాలంటే రెండు వందల కిలోమీటర్లు. 1972 కరువు తర్వాత రోజ్‌గార్ హమీ (ఉపాధి హామీ) పనులు వచ్చాయి, తర్వాత రేషన్ బియ్యం, ప్రభుత్వ బస్సు, కరెంటు వచ్చాయి. అవి రావడం వల్లే మావాళ్లు ఎందరో బతికారు. పేదవాడికి తృప్తి బోధించి, అతని కూలి మిగుల్చుకునేవాడిది పాపం. కడుపు నిండనివాడికి కావలసింది అన్నం. నేను మాట్లాడుతున్న తృప్తి, కడుపు నిండిన తర్వాత మనం మొదలుపెట్టాల్సిన పని.

కడుపు నిండే అవకాశం ఉండి కూడా తక్కువతో బతికినవాళ్లు మా నీళ్ల వెంటే ఉన్నారు. మా ప్రాణహితకు నీళ్లిచ్చే వార్ధా నది సీమలోనే, 1936లో గాంధీజీ సేవాగ్రామ్‌కు వచ్చి మట్టి, వెదురు, పెంకులతో కట్టిన కుటీరంలో ఉన్నారు. వార్ధాలోనే మగన్‌వాడీలో జె.సి.కుమారప్ప గ్రామ పరిశ్రమల సంఘం నడిపారు. విదేశాల్లో అర్థశాస్త్రం చదివిన ఆయన, ప్రకృతి తిరిగి నింపగలిగినంతే తీసుకునే బతుకు నిలుస్తుందని, లాక్కునే బతుకు కూలుతుందని వాదిస్తూ 1945లో 'ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్' వెలువరించారు. ఇక మా జిల్లాలోనే, భామ్రాగఢ్ తాలూకా హేమల్‌కసాలో 1973లో బాబా ఆమ్టే లోక్ బిరాదరీ ప్రకల్ప్ మొదలుపెట్టారు. ఆయన కొడుకు ప్రకాశ్ ఆమ్టే, కోడలు మందాకిని, ఇద్దరూ డాక్టర్లు, మాడియా ప్రజల మధ్య గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. ఒంటిమీద సరైన గుడ్డ లేని మనుషుల మధ్య ప్రకాశ్ ఆమ్టే నిక్కరు, బనియనుతోనే ఉండిపోయారు. 2008లో ఆ దంపతులకు మెగసేసే పురస్కారం వచ్చింది. వాళ్లకు తక్కువ చాలింది, ఎందుకంటే చేయాల్సిన పని వాళ్ల ముందు పెద్దగా ఉంది.

మా వైపు మార్పు మెల్లగా వచ్చింది. రోడ్లు, తర్వాత వంతెనలు. కాళేశ్వరానికి ఇప్పుడు పడవ అక్కర్లేదు, బండి మీద నిమిషాల్లో పోవచ్చు. అవతల చెన్నూరు, మంథని, భూపాలపల్లి చుట్టాలు పండుగకు పొద్దున వచ్చి సాయంత్రానికి పోతున్నారు. ఇది మేలే. దాంతోపాటు జొన్న, కంది పోయి మిర్చి, పత్తి వచ్చాయి. విత్తనం కొనాలి, ఎరువు, పురుగుమందు ఉద్దెర తేవాలి, కూలీలకు నగదు ఇవ్వాలి. పంట వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. ధర బాగున్న ఏడు చేతినిండా డబ్బు, ఆ ఊపులో కొత్త బండి, పెద్ద పెళ్లి. ధర పడిన ఏడు వారం వారం కట్టాల్సిన అప్పు. గరిశె ఉన్న చోట ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. విత్తనం దాచే ఇల్లు ఊళ్లో వెతికినా దొరకడం కష్టం. బాపు పెట్టిన వరసలో మొదటిది విత్తనం. రైతు ముందుగా పోగొట్టుకున్నదీ అదే.

నది కూడా మారింది. మా తాలూకా పోచంపల్లి ఎదుట గోదావరి మీద 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. వెనక్కి తన్నిన నీళ్లతో ఒడ్డు పొలాలు కోతపడ్డాయి, మునిగాయి. పరిహారం కోసం రైతులు ఏళ్ల తరబడి తిరిగారు. 2022 జులై వరదలో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. 1986 ఆగస్టు వరద కూడా మేం చూసిందే. అప్పుడు కొట్టుకుపోయినవి కుండలు, గుడిసెలు, ధాన్యం. నీళ్లు తీశాక అడవి నుంచి వెదురు తెచ్చి గుడిసె వేసుకుని, ఇచ్చిపుచ్చుకునే ధాన్యంతో మళ్లీ నిలబడ్డాం. 2022లో మునిగినవి టీవీలు, మోటార్లు, బళ్లు, చేతికి రాబోయే పైరు. వస్తువులు పోయాయి, వాటి కంతులు మిగిలాయి. అప్పు మీద తెచ్చుకున్న వస్తువు ఎంత బలహీనమైన ఆస్తో ఆ వరద మాకు చూపించింది.

పాత జీవితం తిరిగి రాదు, రానక్కర్లేదు. నాగు, వెట్టి, వానాకాలపు చావులు ఎవరికీ వద్దు. కానీ అవ్వ లెక్క, బాపు వరస ఏ కాలానికైనా పనికొస్తాయి. వాటికి ఏ నదీ పొంగనక్కర్లేదు.

కాబట్టి చదివేవాళ్లకు నా మనవి ఇది. ఏడాదికి ఒకసారి, తొలకరికి ముందు, ఇంటిల్లిపాదీ కూర్చోండి. వచ్చేది ఎంత, కావలసింది ఎంత, బాకీ ఎంత అన్నది పిల్లల ముందే చెప్పండి. ముందుగా రేపటి కోసం విత్తనంలా కొంత తీసి పక్కన పెట్టండి. తర్వాత మీ ఇంట్లో పని చేసినవాళ్ల కూలి, ఆ తర్వాత అప్పు, ఆ తర్వాత ఇంటి ఖర్చు చూసుకోండి. ఆ ఖర్చులో చుట్టానికీ, ఆపదలో వచ్చినవాళ్లకూ ఒక పాలు ఉంచండి. అప్పు చేయక తప్పకపోతే పంటకో, చదువుకో, వైద్యానికో చేయండి, ఊరేగింపుకూ పోటీకీ చేయకండి. మన పిల్లలకు ఆస్తి ఎంత ఇవ్వగలమో మన చేతిలో లేదు. తమకు ఎంత కావాలో తెలిసిన మనుషులుగా వాళ్లను పెంచడం మన చేతిలో ఉంది. ఆ పని ఈ ఏడే మొదలుపెట్టండి.